ప్రొబేషన్‌లో ఉన్న పిల్లలు, మానసిక వైద్యం, ఆత్మహత్యల నివారణ: తరచుగా అడిగే ప్రశ్నలు

జువెనైల్ జస్టిస్ బోర్డు వాయిదా రోజున వరండా బెంచీల మీద కూర్చున్న తల్లిదండ్రులు, కొత్తగా చేరిన ప్రొబేషన్ ఆఫీసర్లు, అప్పుడప్పుడు ఆ పిల్లలే అడిగిన ప్రశ్నలివి. కౌన్సెలర్‌గా ఏళ్ల తరబడి ఆ వరండాలో చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పనికొచ్చేవి రాశాను.

ముందుగా ఒక మాట. మీ ఎదురుగా ఉన్న పిల్లాడు చచ్చిపోతానంటున్నా, ఏదైనా మింగాడని అనుమానం ఉన్నా చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. వాణ్ని ఒంటరిగా వదలకండి. మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

మావాడు ప్రొబేషన్‌లో ఉన్నాడంటున్నారు. అంటే శిక్ష పడినట్టా, వదిలేసినట్టా?

రెండూ కాదు. 18 ఏళ్లు నిండకముందు జరిగిన తప్పుకు 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. విచారణ ముగిశాక పిల్లవాణ్ని స్పెషల్ హోంకు (తప్పు తేలిన పిల్లల్ని ఉంచే చోటు) పంపకుండా, బుద్ధిగా ఉంటాడని బాండు రాయించుకుని మీ దగ్గరే ఉంచడం ప్రొబేషన్. అది మూడేళ్లు దాటకూడదు. బెయిలు దశలో కూడా ప్రొబేషన్ ఆఫీసరు పర్యవేక్షణలో ఉంచుతారు, మనవాళ్లు దాన్నీ ప్రొబేషన్ అనే అంటారు.

18 దాటాక చేసిన తప్పుకైతే 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఉంది. యావజ్జీవం పడే నేరాలు తప్పిస్తే, 21 ఏళ్లలోపు వాళ్లను జైలుకు పంపే ముందు కోర్టు ప్రొబేషన్ ఆఫీసరు నివేదిక తెప్పించుకుని చూడాలి. ఈ సంగతి చాలామంది ప్లీడర్లే మర్చిపోతారు.

సెల్‌ఫోన్ దొంగతనం కేసుకూ మనసు డాక్టరుకూ సంబంధమేంటి సార్?

కేసు వరకూ వచ్చిన పిల్లల్లో చాలామంది అంతకుముందే ఏదో ఒకటి మోస్తూ ఉంటారు. తాగొచ్చి కొట్టే తండ్రి, ఏడో తరగతిలో ఆగిపోయిన చదువు, గంజాయి, ఎవరికీ చెప్పుకోలేని లైంగిక వేధింపు. దాని మీద కేసు వచ్చి పడుతుంది. పోలీసు జీపు వీధిలోకి వచ్చిన రోజు ఇరుగుపొరుగు అంతా చూస్తారు.

ఒక పిల్లాడికి జుట్టు మెడ మీదికి పడేంత పెరిగింది. స్టైలనుకుని వాళ్లమ్మ తిట్టేది. విడిగా కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు: "మంగలి షాపులో అద్దం ముందు కూర్చుంటే వెనక బెంచీ మీదోళ్లు గుసగుసలాడేది కనబడుద్దన్నా." నాలుగు నెలలుగా ఆ షాపు ముందు నుంచి కూడా వెళ్లలేదట. ఆ సిగ్గు ఎంత దూరం తీసుకెళ్తుందో ఎవరూ అంచనా వేయలేరు.

కొన్ని రోజుల్లో మరీ జాగ్రత్తగా ఉండాలి: పట్టుకెళ్లిన తర్వాతి ఒకటి రెండు రాత్రులు, అబ్జర్వేషన్ హోం (విచారణ నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే చోటు) నుంచి ఇంటికొచ్చిన మొదటి వారం, వాయిదాకు ముందు రోజు, ఇంటర్ ఫలితాల రోజు. ఎవడో వాడి ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజు కూడా. అలా పేరో ఫొటోనో బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. గ్రూపు అడ్మిన్‌కు ఈ మాట ఒక్కసారి చెప్పి చూడండి, ఫొటో వెంటనే పోతుంది.

ఎలా గుర్తుపట్టాలి? అడిగితే "ఏం లేదు" అంటాడు.

మగపిల్లల్లో దిగులు దిగులుగా కనిపించదు, కోపంగా కనిపిస్తుంది. అన్నం పళ్లెం విసిరేస్తాడు, తమ్ముణ్ని కొడతాడు. "పొగరెక్కింది" అంటాం. ఆడపిల్లల్లో ఒళ్లునొప్పులు, తలనొప్పి, ఎవరితోనూ మాట్లాడకపోవడం ఎక్కువ చూశాను. కేసులో ఇరుక్కున్న ఆడపిల్ల మీద "ఇంటి పరువు తీశావు" అన్న మాట రోజుకు పదిసార్లు పడుతుంటుంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

నిద్ర తలకిందులైతే, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే, చేతుల మీద కోసుకున్న గీతలుంటే, "ఇక నా వల్ల మీకు బాధ ఉండదులే అమ్మా" లాంటి మాట జారితే ఆగకండి. చాలారోజుల దిగులు తర్వాత ఉన్నట్టుండి కుదుటపడినట్టు కనిపిస్తే కూడా ఒకసారి అడగండి. కొందరు నిర్ణయానికి వచ్చేశాక అలా తేలికపడతారు.

చావు గురించి అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా?

కాదు. ఈ భయం డాక్టర్లకూ ఉండేది, పరిశోధనల్లో తేలింది మాత్రం వేరు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి రావడానికి దారి దొరుకుతుంది.

ఎలా అడుగుతామన్నదే ముఖ్యం. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటే "లేవు" అన్న జవాబు మన ప్రశ్నలోనే ఉంది. సూటిగా, గొంతు పెంచకుండా, "ఈమధ్య చచ్చిపోవాలని అనిపించిందా?" అనండి. తర్వాత నోరు మూసుకోండి. ఆ నిశ్శబ్దాన్ని భరించడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం.

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ తయారుచేసిన ఏ.ఎస్.క్యూ. అనే పరీక్షలో మొదట అడిగేవి నాలుగే ప్రశ్నలు. కొద్ది వారాలుగా చనిపోతే బాగుండునని అనిపించిందా, నువ్వు లేకపోతే ఇంట్లోవాళ్లు సుఖపడతారని అనిపించిందా, గత వారంలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా, ఎప్పుడైనా ప్రయత్నించావా. వీటిలో ఒక్కదానికి అవునన్నా, ఇప్పుడు ఈ క్షణంలో ఆ ఆలోచన ఉందా అని ఐదోది అడగాలి. దానికి అవునంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, అప్పటిదాకా ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. నేను వీటిని మా జిల్లా యాసలోకి మార్చుకుని అడుగుతాను. పుస్తకం తెలుగులో అడిగితే పిల్లలు పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతారు.

కొత్తగా చేరిన ప్రొబేషన్ ఆఫీసర్ని. సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టులో దీని గురించి ఏం రాయాలి?

పిల్లవాణ్ని బోర్డు ముందు హాజరుపరిచిన నాటి నుంచి 15 రోజుల్లో మీ రిపోర్టు వెళ్లాలి. ఫారం 6లో మానసిక, శారీరక స్థితికి, సంప్రదించిన నిపుణుల అభిప్రాయానికి, మీ సిఫారసుకు చోటుంది. నేను చూసిన రిపోర్టుల్లో ఆ గడిలో ఎక్కువగా కనిపించే మాట "నార్మల్". ఇంటికి వెళ్లి, అరగంట కూర్చుని, టీ తాగి వచ్చి "నార్మల్" అని రాస్తాం.

రోగం పేరు రాయకండి, అది డాక్టరు పని. చూసింది, విన్నది రాయండి: "రాత్రి రెండింటి దాకా నిద్రపోడని తల్లి చెప్పింది. ఎడమ చేతి మీద పాత కోత గుర్తులున్నాయి. రెండు నెలల క్రితం ప్రాణం తీసుకోవాలనుకున్నట్టు తనే చెప్పాడు. సైకియాట్రీ ఓపీకి పంపవలసిందిగా సిఫారసు." ఇంత రాస్తే బోర్డు చేతికి పని దొరుకుతుంది. తుది ఉత్తర్వుతో పాటు చికిత్సా కేంద్రానికి వెళ్లమనో, వ్యసన విముక్తి కార్యక్రమంలో చేరమనో చెప్పే అధికారం జువెనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ రెండో ఉపవిభాగం బోర్డుకు ఇచ్చింది. రిపోర్టు రహస్యమని 99వ సెక్షన్ చెబుతోంది కాబట్టి ఫైలు టేబుల్ మీద తెరిచి పెట్టి భోజనానికి వెళ్లకండి.

ఆసుపత్రికి చీటీ రాసిచ్చాం. వాళ్లే వెళ్లలేదు. మా తప్పేముంది?

ఈ ప్రశ్న నాకు కోపం తెప్పించేది. తర్వాత ఒకరోజు నేనే ఒక తల్లీకొడుకులతో కలిసి వెళ్లాను.

పొద్దున్న ఆరున్నర బస్సు. ఆమెకు ఆ రోజు కూలి పోయింది. జిల్లా ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం గంట లైను. కౌంటర్లో "ఏ డిపార్టుమెంటు?" అని గట్టిగా అడిగారు. చుట్టూ జనం ఉన్నారు. ఆమె మా చీటీ చూపించింది, కౌంటర్లో ఆయన ఇంకా గట్టిగా చదివాడు. పిల్లాడు తల దించుకుని రెండడుగులు పక్కకు జరిగాడు. రూము పై అంతస్తులో అని ఒకరు, పాత బిల్డింగులో అని ఒకరు చెప్పారు. కనుక్కుని వెళ్లేసరికి పదకొండున్నర. డాక్టరు క్యాంపుకు వెళ్లారు, గురువారం రమ్మన్నారు. గురువారం నేను తోడు లేకపోయి ఉంటే వాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. వాళ్ల స్థానంలో నేనున్నా రాను.

చీటీ రాయడంతో మన పని సగం కూడా కాలేదు. ముందు రోజు ఓపీకి ఫోన్ చేసి డాక్టరు ఉన్నారో లేదో కనుక్కోండి, ఏ రోజుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుందో గోడ మీద రాసి పెట్టుకోండి. మొదటిసారి ఎవరో ఒకరు వెంట వెళ్లాలి: మీరు కాకపోతే జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోని కౌన్సెలరో, సోషల్ వర్కరో, ఔట్‌రీచ్ వర్కరో. బోర్డు వాయిదా, ఆఫీసులో సంతకం, ఓపీ మూడూ ఒకే రోజుకు కుదిర్చితే ఆమెకు రెండు రోజుల కూలి మిగులుతుంది. రెండోసారి వెళ్లారో లేదో తప్పకుండా కనుక్కోండి. నా అనుభవంలో చాలామంది జారిపోయేది మొదటి ఓపీకీ రెండో ఓపీకీ మధ్యనే.

"నా మీద అన్ని కేసులుంటే ఇదంతా ఎక్కడ కుదురుతుంది?" అంటారు. నిజమే, కుదరదు. కనీసం ఫోన్ అయినా చేయండి. ప్రాణం తీసుకోబోయి ఆసుపత్రికి చేరిన 1,867 మందితో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక అధ్యయనం చేయించింది, మన చెన్నై కూడా అందులో ఉంది. కొందరికి మామూలు వైద్యం మాత్రమే అందింది. మిగతావాళ్లతో అదనంగా ఒక గంట కూర్చుని మాట్లాడి, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్‌లోనో ఇంటికి వెళ్లో పలకరించారు. మొదటి గుంపులో ఆత్మహత్యతో పోయినవాళ్లు 2.2 శాతం, పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం. 2008లో వచ్చిన ఫలితాలివి. "తిన్నావా, నిద్ర పడుతోందా, గురువారం వస్తున్నావు కదా" అని అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఎక్కడికి తీసుకెళ్లాలి? ఖర్చవుతుందా?

మొదట జిల్లా ఆసుపత్రి, లేదా ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని సైకియాట్రీ విభాగం. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద డాక్టర్లు, మందులు జిల్లా స్థాయికి వచ్చాయి. పెద్ద సమస్యలకు విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. రాయలసీమవాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్తుంటారు, అక్కడ పిల్లలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు వేరే విభాగం ఉంది. గంజాయి, మందు, సొల్యూషన్ పీల్చే అలవాటుంటే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446.

పల్లెలో ఉండి బస్సు దిక్కు కూడా లేనివాళ్లు టెలీ మానస్‌తోనే మొదలుపెట్టవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఫోన్ తీసే కౌన్సెలరు అవసరమనుకుంటే డాక్టరుకు కలుపుతారు.

ఎర్రగడ్డ అంటే ఊరంతా నవ్వుతారు సార్.

నవ్వుతారు. "వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి" అని ఎగతాళి చేసినవాళ్లలో మనమూ ఉన్నాం. ఊరికి చెప్పాల్సిన అవసరం లేదు. "తలనొప్పికి చూపిస్తున్నాం" అని చెప్పే తల్లులున్నారు, ఆ అబద్ధానికి నేనేం అడ్డు చెప్పను. పిల్లాడికి మాత్రం అబద్ధం చెప్పి తీసుకెళ్లొద్దు. గేటు దగ్గర బోర్డు చదివి వెనక్కి పరుగెత్తిన పిల్లాణ్ని మళ్లీ తీసుకురావడానికి నాకు ఆరు వారాలు పట్టింది.

రికార్డులో ఎక్కితే ఉద్యోగానికి, పెళ్లికి అడ్డమా?

వైద్యం వివరాలు రహస్యంగా ఉంచడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు. కేసు సంగతికొస్తే, జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం చిన్నతనంలో జరిగిన తప్పు వల్ల ఏ అనర్హతా అంటదు, గడువు తీరాక రికార్డులు తీసేయాలి. 16 దాటినవాళ్లు ఘోర నేరంలో చిల్డ్రన్స్ కోర్టు దాకా వెళ్తే మినహాయింపు. పోలీసు వెరిఫికేషన్‌లో ఎవరైనా ఇబ్బంది పెడితే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది.

ప్రాణం తీసుకోబోయాడని తెలిస్తే ఇంకో కేసు పెడతారా? అందుకే ఆసుపత్రికి వెళ్లాలంటే భయం.

ఈ భయంతోనే ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కూర్చునేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు, పోలీసు వచ్చి వాంగ్మూలం అడగొచ్చు. అంతమాత్రాన శిక్ష లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, ఆదుకునే బాధ్యత ప్రభుత్వానిదేనని 2017 చట్టం 115వ సెక్షన్ చెప్పింది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని బెదిరించి లొంగదీయడానికి చేసే ప్రయత్నానికి మాత్రం 226వ సెక్షన్ ఉంచారు. పిల్లాడు బతుకు మీద విసిగి చేసినదానికీ దానికీ పొత్తు లేదు.

ప్రొబేషన్ ఆఫీసర్లకు: దీన్ని బాండు ఉల్లంఘనగా చూడకండి. "పిల్లవాడికి వైద్యం అవసరం" అనే బోర్డుకు రాయండి.

అన్నా, నేను నీకు చెప్పింది ప్రొబేషన్ సార్‌కి చెప్తావా?

ఇది పిల్లలడిగే మొదటి ప్రశ్న, జవాబు సూటిగా ఉండాలి. నేను చెప్పేది ఇదీ: "నువ్వు వస్తున్నావా లేదా అన్నది సార్‌కి చెప్తాను. లోపల ఏం మాట్లాడుకున్నామో చెప్పను. రెండు విషయాల్లో మాత్రం దాచలేను తమ్ముడూ. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే చెప్పాల్సి వస్తుంది. నిన్నెవరైనా లైంగికంగా ఇబ్బంది పెట్టారని తెలిసినా పోక్సో చట్టం నన్ను ఊరుకోనివ్వదు. ఆ రెండూ కూడా ముందు నీతో మాట్లాడాకే." ఇది మొదటి రోజే చెప్పాలి. వాడు చెప్పుకున్నాక ఈ షరతులు చెబితే మోసం చేసినట్టే అనుకుంటాడు.

విచారణ ఇంకా నడుస్తుంటే ఆ రోజు ఏం జరిగిందన్నది నేను అడగను, నోట్స్‌లో రాయను. అది ప్లీడరుకు చెప్పుకోవాల్సిన సంగతి.

కౌన్సెలింగ్‌కు రాకపోతే హోంకు పంపుతామని బెదిరించవచ్చా? అలా అంటేనే వస్తున్నారు.

వస్తారు, కూర్చుంటారు, గోడ గడియారం చూస్తారు, వెళ్లిపోతారు. బోర్డు ఉత్తర్వులో ఉంటే వెళ్లాల్సిందే, ఆ మాట దాచక్కర్లేదు. కానీ వైద్యాన్ని కర్రలా చూపిస్తే, నిజంగా చావాలనిపించిన రోజున వాడు ఆ కర్ర ఉన్నచోటికి రాడు. రాలేదంటే కారణం కనుక్కుని రాయండి. బస్సు ఛార్జీ లేక రాకపోవడం, మొండితనంతో రాకపోవడం ఒకటి కాదు.

ఇంట్లో మేమేం చేయాలి?

పురుగుల మందు ఇంట్లో, పశువుల కొట్టంలో ఉంచకండి. మిగిలిన డబ్బాలు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి పెద్దవాళ్ల బొడ్లో ఉండాలి. వీలైతే కొన్నాళ్లు వేరేచోట పెట్టించండి. బీపీ, షుగరు, ఫిట్స్ మాత్రలదీ అంతే, పిల్లాడి మాత్రలు కూడా రోజువారీగా మీ చేత్తోనే ఇవ్వండి. "అనుకున్నవాడు ఏదో ఒకటి చూసుకుంటాడు" అంటారు గానీ అది నిజం కాదు. ఆ ఉద్రేకం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే బతుకుతారు. అతి విషపూరితమైన పురుగుల మందులను ఒక్కొక్కటిగా నిషేధించిన శ్రీలంకలో ఆత్మహత్యలు 1995 తర్వాత సగానికి పైగా తగ్గాయి.

ఇంకొకటి, పిల్లాడితో కలిసి ఒక కాగితం రాయండి. నేను పరీక్ష అట్ట వెనక రాయిస్తాను: మనసు చెడే ముందు నాకేం అనిపిస్తుంది, అప్పుడు ఏం చేస్తే కాస్త తగ్గుతుంది, ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చోగలను, ఎవరికి ఫోన్ చేయగలను. ఒకడు "మేనమామ మెకానిక్ షెడ్డు" అని రాశాడు. మాట్లాడటానికి కాదట, అక్కడ స్పానర్లు అందిస్తూ కూర్చుంటే చాలట. చివర 14416 రాసి అట్ట వాడి దగ్గరే ఉంచాం.

తిట్లు? పూర్తిగా మానలేరు, నాకు తెలుసు. "నువ్వు పుట్టకపోయినా బాగుండేది" అన్న ఒక్క మాట మాత్రం మానండి.

ఆసుపత్రిలో చేర్చాలంటే పెద్దవాళ్ల వార్డులో పడేస్తారా?

పడేయకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం 18 లోపు పిల్లల్ని విడిగా ఉంచాలి, సంరక్షకుడో ఆయన కుదిర్చిన మనిషో వెంట ఉండాలి. చేర్చే ముందు ఇద్దరు నిపుణులు విడివిడిగా చూడాలి, వాళ్లలో ఒకరైనా సైకియాట్రిస్టు అయి ఉండాలి. 72 గంటల్లోగా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి.

ప్రొబేషన్ గడువు అయిపోయింది. ఇక వైద్యం ఎవరు చూస్తారు?

ఇక్కడే ఫైలు మూతపడుతుంది. పలకరించే ఆఫీసరుకు ఇక అధికారమూ లేదు, తీరికా లేదు. మందులు మొదలై ఆరు నెలలే అయిన పిల్లాడు ఒక్కసారిగా ఎవరికీ చెందనివాడైపోతాడు. పైగా 18 దాటితే పిల్లల విభాగం నుంచి పెద్దల ఓపీకి మారాలి, కొత్త డాక్టరుకు కథంతా మొదటి నుంచి చెప్పుకోవాలి.

అందుకని ఆఖరి నెలలో మూడు పనులు చేయండి. తర్వాతి ఓపీ తేదీ గడువు దాటిన తర్వాత పడేలా తీసుకోండి. పాత డాక్టరు చేత ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పటి నుంచి అన్నది ఒక పేజీలో రాయించండి. కుటుంబంలో ఒకరికి, తల్లే కానక్కర్లేదు, ఆ బాధ్యత పేరు పెట్టి అప్పగించండి. మెకానిక్ షెడ్డు కుర్రాడికి ఆ మనిషి మేనమామే. ఓపీ పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి షెడ్డులో టూల్‌బాక్సు పై అరలో పెట్టుకున్నాడు. గ్రీజు అంటుతుందని నేనంటే, "ఇక్కడైతే రోజూ కనబడుద్ది కదన్నా" అన్నాడు.